మహారాజశ్రీ ‘బొమ్మే కదా’ గారికి

మహారాజశ్రీ ‘బొమ్మే కదా’ అనే మాటగారి దివ్య సముఖమునకు, చిక్కడపల్లిలో సొంత కుంపటి పెట్టుకున్న ఒక కార్టూనిస్టు నమస్కరించి రాసుకునేది.

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం. నిన్న మధ్యాహ్నం హైటెక్ సిటీలో ఆ ఆఫీసు సోఫాలో, ఏసీ కింద కాళ్లు చాపుకుని కూర్చున్న తమర్ని కళ్లారా చూశాను. నా కుశలం సంగతి కిందికి చదవండి, మీకే తెలుస్తుంది.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, చెప్పిన టైముకు, అంటే రెండు గంటలకు, రిసెప్షన్‌లో ఉన్నాను. ఆరు కార్టూన్ల బిల్లు. బోనాలప్పుడు అడిగారు, దసరాకు ఇచ్చేశాను, సంక్రాంతికి డబ్బులు పడతాయన్నారు. శివరాత్రికి చలి కూడా శివశివా అంటూ పోయింది. నా 18,000 మాత్రం ఇంకా ‘ప్రాసెస్‌లో’ ఉన్నాయి. ఆ కార్టూన్లు దేని గురించి అంటారా? ఉద్యోగులు ఆఫీసు టైమవగానే పని పక్కన పెట్టి ఇంట్లో హాయిగా ఉండాలని. వాటి కరెక్షన్లు నాకు రాత్రి పదకొండున్నరకు వచ్చేవి.

ఐదింటికి మేడమ్ బయటికి వచ్చారు. ‘అయ్యో, ఇంకా ఉన్నారా?’ అన్నారు. అకౌంట్స్ ఆయన సెలవట. ‘ఎలాగూ వచ్చారు కదా, మా వైస్ ప్రెసిడెంటు గారు శుక్రవారం వెళ్లిపోతున్నారు. ఆయనది ఒక కారికేచర్ వేసిచ్చేయండి. ఐదు నిమిషాల పని. బొమ్మే కదా!’

తమరు అప్పుడే సోఫాలోంచి నన్ను చూసి నవ్వారు.

ఆ వీపీ గారి పాస్‌పోర్టు ఫొటో ఫోన్‌లో చూపించారు. (దేవుడు ప్రతి మనిషికీ ఒక ముఖం ఇస్తాడు. పాస్‌పోర్టు ఫొటో తీసేవాడు దాన్ని లాక్కుంటాడు.) ఆ ముఖంలో పట్టు ఎక్కడా దొరకలేదు. ముక్కు మామూలు ముక్కు. మీసం లేదు. బట్టతల ఉందిగానీ అది ఆ ఆఫీసులో సగం మందికి ఉంది. చాలాసేపు చూశాక తెలిసింది, ఎడమ కనుబొమ ఒక్కటి రవ్వంత పైకి లేచి ఉంది, ఎదుటివాడు ఏం చెప్పినా నమ్మనట్టు. దాన్ని ఇంకాస్త లేపితే ఆయన. వెంట్రుకవాసి ఎక్కువైతే నాటకంలో దుర్యోధనుడు. వాళ్లిచ్చిన ప్రింటవుట్ వెనకవైపు, వాళ్ల బాల్‌పెన్నుతోనే, నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి పట్టుకున్నాను.

అవును, వేసిచ్చాను. సిగ్గులేదా అంటే, బిల్లు వాళ్ల చేతిలో ఉంది మరి.

పక్కన నిలబడ్డ సెక్యూరిటీ అతను తొంగి చూసి, ‘అచ్చం సార్ లెక్కనే ఉన్నడన్నా’ అని కిసుక్కున నవ్వాడు. వెంటనే నోరు మూసుకుని అటూ ఇటూ చూశాడు, కెమెరా ఎక్కడుందా అని.

ఇక్కడితో తమరు, గిమరు అయిపోయింది. ఇక నువ్వే. ఒట్టి బొమ్మే అయితే అతనెందుకు భయపడ్డట్టు?

డబ్బులిచ్చే చోటికి ఠంచనుగా వస్తావు. కార్టూనిస్టు మెడకు చుట్టుకున్నప్పుడు ఎక్కడ చస్తావు? 1832లో రాజుగారిని తిండిపోతుగా గీశాడని ఫ్రాన్సులో దోమియే అనే కార్టూనిస్టును ఆరు నెలలు జైల్లో పెట్టారే, అప్పుడు వెళ్లి ‘బొమ్మే కదా’ అనలేకపోయావా? అంత పాతది వద్దు. 2012లో కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ను అరెస్టు చేశారు. పాపం, ఆయన కార్టూన్ గీయను కూడా లేదు, ఈమెయిల్‌లో నలుగురికి పంపాడంతే. ఆ కేసులోంచి బయటపడేసరికి 2023 వచ్చింది. పదేళ్లు దాటింది! ఆ పదేళ్లలో ఒక్కసారైనా కోర్టు మెట్లెక్కావా? న్యూయార్క్ ఖజానా మింగి పారిపోయిన ట్వీడ్ అనే రాజకీయ నాయకుణ్ని, థామస్ నాస్ట్ వేసిన కార్టూన్ పోలికను బట్టి 1876లో స్పెయిన్‌లో పట్టుకున్నారు. ఆ బొమ్మకేమో ఒక దేశం పోలీసులు కదిలారు, నా బొమ్మలు ఆరు కలిసి అకౌంట్స్ ఆయన్ని కుర్చీలోంచి కదిలించలేకపోతున్నాయి.

మిగతావన్నీ ఎప్పుడో మాఫీ చేశాను. ‘డబ్బులు ఇవ్వలేం గానీ పేరొస్తుంది’ అనేవాళ్లను క్షమించాను. చేత్తో రాసిన డైలాగు తీసేసి అను ఫాంటులో కొట్టి, ఒత్తులన్నీ ఎగరగొట్టి అచ్చేసినవాళ్లనూ క్షమించాను. ‘మీరెందుకండీ, ఏఐ రెండు నిమిషాల్లో ఇస్తుంది’ అన్న కుర్రాణ్ని కూడా. వాడి ఏఐ చార్మినార్‌కు ఐదు మినార్లు కట్టింది, నేనేమీ అనలేదు. తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజని మే 20న తెలుగు కార్టూనిస్టుల దినోత్సవానికి పిలిచి, ఆ ఎండలో, నాకు శాలువా కప్పుతారు. ఇంట్లో తొమ్మిది శాలువాలున్నాయి. అదీ సరే. పామర్తి శంకర్ గీసిన మండేలాకు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చినప్పుడు మా ఇంటి ఓనరు అంతటివాడు ‘కార్టూనంటే మాటలా!’ అన్నాడు. ఒకటో తారీఖు రాగానే ‘బొమ్మలేసుకునేవాళ్లకు ఇల్లివ్వడం నాదే తప్పు’ అన్నాడనుకో.

ఇదంతా రాస్తుంటే ఒక సంగతి గొంతుకు అడ్డం పడుతోంది. నువ్వెలాగూ బయటపెడతావు గనక నేనే చెప్పేస్తాను.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంటుకు రోజు విడిచి రోజు ట్యాంకరు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మాత్రం పొద్దున్నే పైపు పెట్టి కారు కడిగేవారు. నేనొక కార్టూన్ వేశాను. ఆయన మడి కట్టుకుని కారుకు అభిషేకం చేస్తుంటాడు, ఫ్లాట్లవాళ్లందరం బకెట్లతో తీర్థానికి వరసలో నిలబడి ఉంటాం. ఎవరో లిఫ్టులో అంటించారు. (నేనే.) ఆదివారం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలేసి మీటింగు పెట్టారు. అమెరికాలో ఉన్న అల్లుడు కూడా చూసి ఫోన్ చేశాడట. పరువు నష్టం అన్నారు, ఓనరుతో చెప్పి ఖాళీ చేయిస్తామన్నారు. నాకు చెమటలు పట్టాయి. దోమియే గుర్తుకు రాలేదు, అడ్వాన్సు గుర్తుకొచ్చింది. నోట్లోంచి వచ్చేసింది:

‘పోనీండి సార్, బొమ్మే కదా.’

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘ఒట్టి బొమ్మే అయితే నాకు బీపీ ఎందుకు పెరిగిందయ్యా?’ అన్నాడు.

ఇన్నేళ్లలో నా పని గురించి అంత మంచి మాట ఎవరూ అనలేదు. తలొంచుకుని కూర్చున్నాను. మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే ఆయన తడిగుడ్డతో కారు తుడుచుకుంటున్నాడు. మగ్గులో అరమగ్గు నీళ్లు.

అంచేత నిన్ను మరీ అంత తిట్టలేను. అకౌంట్స్ ఆయన సోమవారం వస్తాడట, మళ్లీ రెండింటికి రమ్మన్నారు. నువ్వు నాకంటే ముందే వెళ్లి కూర్చుంటావని తెలుసు. కాస్త జరిగి కూర్చో, నేనూ కాళ్లు చాపుకోవాలి.

ఇట్లు,
బిల్లు నంబరు ఏడు