మిగతా ఎనిమిది రోజుల బతుకమ్మ

ఇక్కడ అమెరికాలో మన సంఘం బతుకమ్మ కార్యక్రమానికి ప్రతి ఏడూ హాలు కిటకిటలాడుతుంది. పార్కింగ్ దొరకదు. పట్టుచీరలు, పట్టు పావడాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు అందరూ ఒకచోట చేరితే కడుపు నిండినట్టు ఉంటుంది. స్కూలు జిమ్ మాట్లాడి, ఆఫీసుకు సెలవు పెట్టి, అర్ధరాత్రి దాకా కుర్చీలు సర్దే వాలంటీర్లకు చేతులెత్తి మొక్కాలి. ఆ కార్యక్రమం ఇంకా పెద్దగా జరగాలనే నా కోరిక. కానీ ఒక మాట మాత్రం అడగకుండా ఉండలేకపోతున్నాను. అక్కడ మనం చేసుకునేది తొమ్మిదో రోజు వచ్చే సద్దుల బతుకమ్మ ఒక్కటే. దానికి ముందున్న ఎనిమిది రోజులను మనం ఎప్పుడు వదిలేశాం?

ఆ రోజుల్లో దేవతకు ఏం పెడతామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మ, ఆ రోజు పెట్టేది నువ్వులూ నూకలూ. మర్నాడు అటుకులు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు. నాలుగో రోజు నానేసిన బియ్యంలో పాలు, బెల్లం. అయిదో రోజు అట్లు. ఆరో రోజు బతుకమ్మ అలిగింది కాబట్టి పేర్చేది లేదు, వండేది లేదు. ఏడో రోజు బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి నూనెలో వేయించినవి. ఎనిమిదో రోజు నువ్వులు, వెన్న, బెల్లం కలిపిన ముద్దలు. వీటిలో ఒక్కదానికైనా ప్రత్యేకంగా బజారుకు పోవాలా? అన్నీ ఇంట్లో డబ్బాల్లో ఉండేవే. ఈ వరుస పెట్టిన ఆడవాళ్లెవరో గాని, పనుల్లో మునిగి ఉన్న ఇంటి సంగతి బాగా తెలిసినవాళ్లు. పొద్దంతా చేనులో ఉండి పొద్దుగూకే వేళకు ఇల్లు చేరిన మనిషి కూడా చేసుకోగలిగిన పండుగ ఇది.

మాది వరంగల్, మట్టెవాడ. ఒకే వాకిలి చుట్టూ అన్నదమ్ముల సంసారాలు, నడుమ బాపమ్మ. బాపు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసేవాడు. దసరా దగ్గరికొచ్చి పత్తి రావడం మొదలైతే ఆయన ఇంటికి చేరేసరికి మేం నిద్రపోయి ఉండేవాళ్లం. పెద్దబాపుది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, డ్యూటీ ఏ రాత్రి పడుతుందో ఆయనకే తెలియదు. పెద్దమ్మ పంతులమ్మ. చిన్నబాపుకు కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం. అక్కలకు ట్యూషన్లు, అన్నలకు కోచింగులు. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తిన్న పూటలు అరుదు. అయినా ఏ చిన్న పండుగా తప్పిపోలేదు. ఎవరి కోసమూ ఆగేవి కావు కాబట్టే తప్పిపోలేదని నాకిప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్లు చేసేవాళ్లు, రానివాళ్లకు గిన్నెలో తీసి మూత పెట్టేవాళ్లు. రాత్రి పదకొండింటికి కాజీపేట నుంచి వచ్చిన పెద్దబాపు కాళ్లు కడుక్కుని, వంటింట్లో పీట మీద కూర్చుని ఆ గిన్నె మూత తీస్తే, ఆయన పండుగ అప్పుడు మొదలయ్యేది.

మూడో రోజు ఎట్లా గడిచేదో చెబుతాను. ఆ పూట ఎలాగూ పప్పు వండాలి. కుక్కర్లోంచి ఉప్పు వేయకముందే ఒక చిన్న గిన్నెడు పప్పు తీసి, బెల్లం ముక్క కలిపి పక్కన పెట్టేది పెద్దమ్మ. ఆ లోపల బాపమ్మ వాకిట్లో చాప మీద గునుగు పూలు ముందేసుకుని కూర్చునేది. ఒక గుప్పెడు కాడలు తీసుకుని, తలలన్నీ సమంగా వచ్చేలా అరచేతికి తట్టి, కింద కాడలు కత్తెరతో ఒకే పొడుగుకు కోసి, దారంతో నాలుగు చుట్లు చుట్టేది. మా పిల్లల పని రంగులు అద్దడం. వేడినీళ్లలో కలిపిన గులాబీ రంగులో గునుగు కొసలు ముంచి, నీళ్లు దులిపి, పాత పేపరు మీద ఆరబెట్టాలి. "కొసలే ముంచు బిడ్డా, కాడ దాకా ముంచితే తెలుపు ఏడ కనబడుతది" అనేది బాపమ్మ. సిబ్బిలో గుమ్మడి ఆకు పరిచి, తంగేడు పూలు గుండ్రంగా ఒక వరుస, దాని మీద గునుగు ఒక వరుస, నడుమ ఖాళీలో కోసి పారేసిన కాడలూ ఆకులే కూరి గట్టిగా అదిమితే బతుకమ్మ నిలబడేది. చిన్న రోజుల బతుకమ్మ జానెడు ఎత్తు ఉంటే ఎక్కువ. పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. వీధి చివర గుడి దగ్గర ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కాసేపు ఆడి వచ్చేవాళ్లం. పెద్దమ్మ తిరిగొచ్చి పరీక్ష పేపర్లు దిద్దుకునేది. మేం గులాబీ రంగు వేళ్లతోనే హోంవర్క్ రాసుకునేవాళ్లం. ఆ వేళ్ల రంగు మర్నాడు బడిలో చాలామందికి ఉండేది, ఎవరింట్లో ఏం పెట్టారో అడిగి తెలుసుకోవడమే మా ఇంటర్వెల్ ముచ్చట.

మొదటి రోజూ చివరి రోజూ వేరు, అవి ఊరంతటివి. ఎంగిలిపూల నాడు హన్మకొండలో వేయి స్తంభాల గుడి ఆవరణ అంతా పూలే. 1163 నాటి ఆ రాతి మండపం ముందు ఆడవాళ్లు వలయాలు వలయాలుగా తిరుగుతుంటే సందు దొరకదు. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దిక్కు, భద్రకాళి చెరువు దిక్కు జనం. ఆ రెండింటి నడుమ ఉన్నవన్నీ ఇంటివి, వాడకట్టువి. పెద్ద రోజులకు బలం ఈ చిన్న రోజుల నుంచే వచ్చేది. తొమ్మిదో రోజుకు పిల్లలందరికీ పాట నోటికి వచ్చి ఉండేది, పేర్చడం చేతికి వచ్చి ఉండేది, ఎవరితో మాట్లాడకుండా ఉన్నామో వాళ్లతో మళ్లీ మాటలు కలిసి ఉండేవి.

పాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హాల్లో స్పీకర్లు పాడతాయి, మనం చప్పట్లు కొడతాం. అందులో తప్పు లేదు, అయిదారు వందల మంది ఉన్నచోట ఇంకోలా కుదరదు. కానీ వాకిట్లో ఆరుగురు ఉంటే ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతా అయిదుగురూ 'ఉయ్యాలో' అందుకోవాలి. ఒక్కరు ఊరుకున్నా పాట పలచబడుతుంది. అక్కడ పదేళ్ల పిల్ల గొంతు కూడా అవసరం. అవసరమైన చోట పిల్లలు నేర్చుకుంటారు. మన పిల్లలకు బతుకమ్మ పాటలు రావడం లేదని ఏటేటా బాధపడుతున్నాం గాని, వాళ్ల గొంతు అవసరమయ్యే చోటు మనం ఎక్కడ మిగిల్చాం?

టైం లేదంటారు. ఇద్దరూ ఉద్యోగాలు, సాయంత్రం పిల్లల్ని ఈతకో మ్యాథ్స్ క్లాసుకో దింపాలి, అయిదారు మైళ్లు పోతే గాని తెలిసిన ఇల్లు ఉండదు. నిజమే, ఈ కష్టం నాకూ తెలుసు. కానీ మట్టెవాడ ఇంట్లో మాత్రం తీరిక ఎవరికి ఉండేది? అక్కడ ఉన్నదీ ఇక్కడ లేనిదీ చేతులు. పెద్ద కుటుంబం అంటే ఒకరి పని ఇంకొకరు అందుకోవడం. ఒకరు పప్పు తీసి పెడితే, ఇంకొకరు పూలు కడితే, మరొకరు పిల్లల్ని తయారుచేస్తే ఎవరికీ భారం అనిపించేది కాదు. ఇక్కడ ఒక్కో ఇంట్లో ఒక్కతే అన్నీ చేయాలనుకుంటే మొదటి రోజుకే నడుం పడిపోతుంది, రెండో రోజు ఉండదు.

ఆ పెద్ద ఇంటి ముచ్చట్లు తలచుకునేటప్పుడు ఇంకో సంగతి దాచకూడదు. మా పెద్దమ్మ పొద్దున నాలుగింటికి లేచేది. బడికి పోయే ముందు ఒక పని, వచ్చాక ఒక పని. ఇంట్లో జరిగిన ప్రతి చిన్న సంబురం వెనుకా వంటింట్లో నిలబడిన ఆడవాళ్లు ఉన్నారు. ఆ భారాన్ని అట్లాగే ఎత్తుకొచ్చి ఇక్కడి ఆడపిల్లల నెత్తిన పెడదామని నేను అనడం లేదు. నిజానికి ఈ పండుగలో మగవాళ్ల పని ముందు నుంచీ ఉంది. పూలు తెచ్చేది వాళ్లే. చిన్నబాపు, అన్నలు చీకటితోనే బండి మీద ధర్మసాగర్ దిక్కు పోయి, గుట్టల పొంటి తంగేడు, చేన్ల గట్ల మీద గునుగు కోసుకుని మోపులు కట్టి తెచ్చేవాళ్లు. ఇక్కడి అన్నలూ తమ్ముళ్లూ ఆ పనితో పాటు అట్లు పోసే పని, పాలు బెల్లం కలిపే పని కూడా అందుకోవాలి. నానబియ్యం చేయడానికి వంట వచ్చి ఉండాల్సిన అవసరమే లేదు.

2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. మనందరికీ గర్వం కలిగించిన రోజులవి. పెద్ద వేదికలూ వచ్చాయి. ఊళ్లో కూడా నడుమ రోజులు పలచబడుతున్నాయని మా వదినె ఫోన్లో అంటుంది. ఉమ్మడి ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి, గునుగు మార్కెట్లో కొనుక్కోవాల్సి వస్తోంది. అంటే ఇది మనం దూరం వచ్చినందుకు మాత్రమే జరిగింది కాదు. ఇల్లు చిన్నదైన ప్రతిచోటా చిన్న పండుగకు దిక్కు లేకుండా పోతోంది.

అందుకే ఈ ఏడు సంఘం ఒక పని చేయాలని అడుగుతున్నాను. 2026లో ఊరి పంచాంగం ప్రకారం పెత్రమాస అక్టోబర్ 10, శనివారం పడింది. ఆ రోజు నుంచి దగ్గర దగ్గర ఉన్న నాలుగైదు ఇళ్లు ఒక జట్టుగా కట్టుకుందాం. ఒక్కో సాయంత్రం ఒక్కో ఇల్లు. ముప్పావు గంట చాలు. ఆ రోజు నైవేద్యం ఏదో అదొక్కటే పెట్టాలి. భోజనాలు వద్దు, కేటరింగ్ వద్దు, బహుమతులు వద్దు. ఆఫీసు బట్టలతో వచ్చినా పరవాలేదు. పిల్లల క్లాసు ఉంటే మధ్యలో వెళ్లిపోవచ్చు, రాలేనివాళ్లకు గిన్నెలో తీసి పెడదాం. సంఘం చేయాల్సిందల్లా ఏ ఇల్లు ఏ జట్టులోకి వస్తుందో కలిపి పెట్టడం. ముఖ్యంగా కొత్తగా వచ్చిన జంటలను, ఒంటరిగా ఉంటున్న విద్యార్థులను, పిల్లల దగ్గరికి వచ్చి పగలంతా గోడలు చూస్తూ కూర్చునే అమ్మమ్మలను మొదట కలపాలి. పాట ఎత్తుకోవడం ఆ అమ్మమ్మలకు వచ్చు, అది ఇంకెవరికీ అంత బాగా రాదు.

అమ్మాయిలున్న ఇళ్లకు ఇంకొక మాట. బతుకమ్మకు ముందు మన దిక్కు బొడ్డెమ్మ ఆడతారు, పెళ్లికాని పిల్లల ఆట అది. పీట మీద మట్టితో మెట్లు మెట్లుగా చేసి పూలు పెట్టి చుట్టూ ఆడడమే. మట్టి పిసకడం ఏ దేశంలో పిల్లలకైనా ఇష్టమే, పెద్దవాళ్లు పక్కన ఉంటే చాలు.

ఆరో రోజు ఎవరింటికీ పోవద్దు. వెనకట బతుకమ్మకు మాంసం తగిలిందని, ఆమె అలిగిందని పెద్దలు చెప్పుకునే రోజు అది. పెద్ద కుటుంబంలో అలకకు కూడా ఒక రోజు ఇచ్చారు, నాకు ఈ పండుగలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు అలిగి ఉండేవాళ్లు. బాపమ్మ బతిమిలాడేది కాదు, "రేపటికి పూలు నువ్వే కట్టాలె" అని పని చెప్పేది. ఆ రోజు పండుగ పని ఉండదు కాబట్టి, మాటలు తగ్గిపోయిన అక్కకో చిన్నమ్మకో ఒక ఫోన్ చేయండి. తూర్పు తీరంలో ఉన్నవాళ్లు పొద్దున తొమ్మిదిన్నరకు చేస్తే ఊళ్లో రాత్రి ఏడు, అందరూ ఇంట్లో ఉండే వేళ.

ఇక పూలు. ఈసారి అధిక మాసం వచ్చి పండుగ ఆలస్యమైంది, ఇక్కడ చలి ముందే రావచ్చు. బంతి, చామంతి అక్టోబర్‌లో కూడా దుకాణాల్లో దొరుకుతాయి, తంగేడు పసుపు బదులు వాటితో సరిపెట్టుకుందాం. గునుగు గురించి మాత్రం ఇప్పుడే ఆలోచించాలి. నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మే మొక్క గునుగు జాతిదే. వేసవిలో నాటి, సెప్టెంబర్‌లో పూలు విచ్చుకోగానే కాడతో కోసి, కట్టలు కట్టి, ఎండ తగలని చోట తలకిందులుగా వేలాడదీస్తే ఎండినా రంగు నిలుస్తుంది. మా గ్యారేజీలో గోడ నుంచి గోడకు తాడు కట్టించాను. మీ ఇంట్లో చోటు లేకపోతే కోసిన కట్టలు తెచ్చి అక్కడ తగిలించి, మీ పేరు రాసిన చీటీ ఒకటి కట్టి వెళ్లండి.