నామినీ పేరుంటే డబ్బు ఆయనదేనా?

ఈమధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. రెండు రోజులకే అది మా చుట్టాల గ్రూపులోనూ కనిపించింది. "ప్రతి కుటుంబం తెలుసుకోవాల్సిన చట్టం" అని మొదలుపెట్టి నాలుగు మాటలు చెప్పారు. నామినీగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్లదే. రిజిస్టర్ కాని వీలునామా చెల్లదు. వీలునామా రాయకుండా పోతే ఆస్తి కొడుకులదే, పెళ్లయిన ఆడపిల్లకు వాటా లేదు. పొలం పాసుపుస్తకంలో పేరు మారితే ఇక ఎవరూ కదిలించలేరు. నాలుగూ తప్పే. బ్యాంకులో ముప్పై ఏళ్లు క్లెయిమ్ కాగితాలు చూసినవాణ్ని, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

పోయిన నెల మా వీధిలో ఒకమ్మాయి చేతిలో ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. భర్త పోయి ఇంకా మూడు నెలలు కాలేదు. ఆయన పేరున ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. పెళ్లికి ముందు వేసింది కాబట్టి నామినీగా తమ్ముడి పేరే ఉండిపోయింది. "ఆ డబ్బు మరిదిదేనట కదా బాబాయ్ గారూ, అభ్యంతరం లేదని సంతకం పెట్టమంటున్నారు" అంది. ఫోనులో ఈ మెసేజే చూపించింది.

సంతకం పెట్టొద్దమ్మా అన్నాను. నామినీ పని బ్యాంకు నుంచి డబ్బు తీసుకోవడం వరకే. ఆయన చేతికిచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతే. తీసుకున్న డబ్బు వారసులకు అప్పగించాల్సిందే. బ్యాంకు డిపాజిట్ల మీద సుప్రీంకోర్టు 2010లో ఈ మాటే చెప్పింది. షేర్ల విషయంలోనూ 2023 డిసెంబరులో నామినీ యజమాని కాడని తేల్చింది. బీమా సంగతి కొంచెం వేరు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వాళ్లకు ఆ సొమ్ము మీద హక్కు కల్పిస్తూ 2015లో బీమా చట్టాన్ని సవరించారు. బహుశా ఆ ముక్కనే పట్టుకుని ఎవరో అన్ని ఖాతాలకూ అంటగట్టారు.

ఇక వీలునామా. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 18వ సెక్షన్ దాన్ని మన ఇష్టానికే వదిలింది. స్టాంపు పేపరూ అక్కర్లేదు, లాంగ్ నోట్‌బుక్ కాగితం మీద బాల్‌పెన్నుతో రాసినా చాలు. కావాల్సింది ఏమిటంటే, రాసినవాళ్ల సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు. రాసినవాళ్లు సంతకం పెట్టడం ఆ సాక్షులు కళ్లారా చూసి ఉండాలి, లేదా "ఈ సంతకం నాదే" అని వాళ్లతో చెప్పి ఉండాలి.

అసలు తగాదా వచ్చేది ఇక్కడే. మా పెద్దనాన్న వీలునామా తెల్లకాగితం మీదే ఉంది. ఎదురింటి మాస్టారు, మందుల షాపాయన సాక్షులు. కోర్టులో మాస్టారు నిలబడి "వరండాలో కూర్చుని నా కళ్లముందే సంతకం పెట్టారు, అప్పటికి ఆయన స్పృహలోనే, స్థిమితంగానే ఉన్నారు" అని చెప్పారు. ఆ మాటే దాన్ని నిలబెట్టింది. అందుకే సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లను, ఆస్తి రానివాళ్లను పెట్టుకోండి. రిజిస్టర్ చేయిస్తే మంచిదే, కాగితం పోదు, తేదీ మీద వాదన ఉండదు. అంతమాత్రాన అనుమానాలన్నీ తీరిపోవు. ముందు రిజిస్టర్ చేసినదాన్ని తర్వాత పద్ధతిగా రాసిన తెల్లకాగితం రద్దు చేయగలదు కూడా. చివరిదే చెల్లుతుంది.

ఆడపిల్లల మాట చదివితే నాకు నిజంగా బాధేసింది. హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 నుంచీ తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. పెళ్లయిందా లేదా అన్న లెక్కే లేదు. పెళ్లి షరతు ఉన్నది ఉమ్మడి ఆస్తి విషయంలో. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకూ పుట్టుకతో హక్కు ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. 2005 కేంద్ర సవరణతో ఆ షరతూ పోయింది. ఇరవై ఏళ్ల క్రితం పోయిన షరతును ఇప్పటికీ చట్టమని పంచుతున్నారు. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ నియమాలు వేరు, ఈ మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

పాసుపుస్తకంలో పేరు మారడమంటే శిస్తు రికార్డు మారడమే. దానితోనే హక్కు రాదు, ఉన్న హక్కు పోదు. అన్న పేరున మ్యుటేషన్, అంటే ఈ పేరు మార్పు, అయిపోయిందని చెల్లెలు ఆశ వదులుకోనక్కర్లేదు, సివిల్ కోర్టులో భాగానికి దావా వేయొచ్చు. ఏళ్లు గడవనివ్వకుండా వేయడం మంచిది.

ఆ అమ్మాయి లెక్క ఆరోజు క్యాలెండర్ వెనకాల రాసి చూపించాను. ఆయన వీలునామా రాయలేదు. భార్య, ఒక్కగానొక్క కూతురు, ఆయన తల్లి, ముగ్గురికీ సమాన వాటాలు. మరిదికి వాటా లేదు. "మా అత్తయ్యకు కూడా వస్తుందా?" అని రెండుసార్లు అడిగింది. వస్తుందమ్మా, ఆమె కూడా ఆయన వారసురాలే అన్నాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, ముందు అత్తయ్యకే చెబుతానని వెళ్లింది.