సవరణ: 70 దాటినవారి ఆయుష్మాన్ కార్డు

గత పోస్టులో "70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికి 5 లక్షల ఉచిత వైద్యం" అని ఉంది. దాన్ని "ప్రతి కుటుంబానికి" అని చదువుకోండి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటినా ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. అయితే తెల్లకార్డు వల్ల ఆ ఇల్లు ముందే ఆయుష్మాన్ భారత్‌లో ఉంటే, పెద్దవాళ్లకు ఈ 5 లక్షలు విడిగా వస్తాయి. కొడుకు ఆపరేషన్‌కు అందులోంచి తీయడం కుదరదు.

2024 అక్టోబరులో మొదలైన ఈ వయ వందన కార్డుకు ఆదాయంతో పని లేదు, ఆధార్ చాలు. వయసూ దాన్ని బట్టే చూస్తారు. మన ఊళ్లలో చాలామంది పెద్దలకు అసలు తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1నే పుట్టినరోజుగా వేశారు కాబట్టి, వెళ్లేముందు ఆ సంవత్సరం ఒకసారి చూసుకోండి. పొలం పనులతో వేలిముద్రలు అరిగిపోయాయని టెన్షన్ వద్దు. ఓటీపీతో గానీ, ముఖం చూపించి గానీ కేవైసీ (గుర్తింపు తనిఖీ) చేయొచ్చు.

ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ ఉన్నవారూ అర్హులే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు మాత్రం రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. తొందరపడి పాతది వదులుకోకండి: సీజీహెచ్‌ఎస్‌లో ఓపీ, నెలనెలా మందులు ఉంటాయి. ఈ కార్డుతో బీపీ మాత్రలు రావు, ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. పాత జబ్బులకు మాత్రం మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

చేరేముందు ఆ ఆసుపత్రి ఈ పథకం జాబితాలో ఉందో లేదో 14555కు ఫోన్ చేసి కనుక్కోండి.