ఓదార్చేవాళ్లను పొలిమేరలోనే ఆపమంటున్న మెసేజ్‌కు నా జవాబు

వానలు ముదిరితే మన వరంగల్, ములుగు, భూపాలపల్లి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "వరద బాధితులకు కావాల్సింది బియ్యం, దుప్పట్లు, నష్టపరిహారం. ఓదార్పు, ప్రార్థన అంటూ వచ్చే వాలంటీర్లతో పనిలేదు. పల్లెల్లో దుఃఖం పంచుకోవడానికి చుట్టాలు ఉన్నారు. మనసు మరీ దెబ్బతింటే డాక్టర్లు ఉన్నారు. వీళ్లు వచ్చేది మతం మార్చడానికే. ఊరి పొలిమేరలోనే ఆపండి."

నేను ఆ వాలంటీర్లలో ఒకడిని. హనుమకొండలో ఉంటాను. పునరావాస కేంద్రాలకు వెళ్లి, మనుషులను పోగొట్టుకున్నవాళ్ల పక్కన కూర్చునే పని మాది. ఈ మెసేజ్ పంపేవాళ్లలో నాకు తెలిసినవాళ్లు, మంచివాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఒక్కో మాటకు జవాబు చెప్పాలనిపించింది.

ముందు బియ్యం సంగతి. ఆకలి తీరాకే ఏదైనా. ఇందులో వాదనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడ్ కూడా అదే చెబుతుంది: పరిస్థితి చూడు, చెప్పేది విను, కావాల్సిన సాయం దగ్గరికి చేర్చు. మొదటి రోజు మా పని కూడా మంచినీళ్లు పంచడం, తడిసిన ఫోన్ పక్కనపెట్టి వాళ్ల కొడుక్కి మా ఫోన్ నుంచి కాల్ కలిపి ఇవ్వడం. అయితే పళ్లెంలో అన్నం పెట్టినా ముద్ద దిగని మనిషిని మీరు చూసి ఉంటే, బియ్యంతో పని అయిపోయిందని రాయలేరు.

ఇక చుట్టాల మాట. మెసేజ్‌లో అందరికీ నిజమనిపించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచేస్తే జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. హెలికాప్టర్లు పంపాల్సి వచ్చింది. అదే వానకు జంపన్నవాగు పొంగి ములుగు జిల్లా కొండాయిలో 8 మంది ప్రాణాలు పోయాయి. మామూలు చావుకు పక్క ఊరి నుంచి అక్క వస్తుంది, మేనమామ వస్తాడు, వంట ఒకరు చూస్తారు, పిల్లలను ఒకరు పట్టుకుంటారు. ఊరంతా మునిగిన రోజున ఓదార్చాల్సినవాడు కూడా ఇల్లు, గొడ్లు పోగొట్టుకుని అదే బడి వరండాలో కూర్చుని ఉంటాడు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టే కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. రావాలనుకున్న చుట్టానికి దారే లేదు.

వచ్చినా అన్నీ చుట్టానికి చెప్పుకోలేరు. "చెయ్యి వదిలేసిన్నేమో" అనే అనుమానం ఒక తండ్రిని లోపల తినేస్తుంటే, ఆ మాట తన భార్యతో, బావమరిదితో ఎట్లా అంటాడు? వాళ్లు కూడా ఆ బిడ్డ కోసమే ఏడుస్తున్నారు. పైగా మనవాళ్లు ప్రేమతోనే అయినా "నువ్వు ముందే లేచి ఉంటే" అనేస్తారు. బయటి మనిషి ఆ మాట అనడు. రేపు పెళ్లిలోనో జాతరలోనో మళ్లీ ఎదురుపడి గుర్తు చేయడు. అందుకే అలాంటి మాటలు మాలాంటివాళ్ల దగ్గర బయటికి వస్తాయి. మేము వాటిని ఎక్కడా చెప్పం, రాసుకోం.

ఇంకొకటి. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోతారు. వెళ్లాలి కదా, వాళ్లకూ పొలాలున్నాయి. ఇసుక మేట వేసిన చేను, తీరని అప్పు మాత్రం అక్కడే ఉంటాయి. మళ్లీ మొగులైతే చాలు, పిల్లలను దగ్గరికి లాక్కుని రాత్రంతా వాగు వైపు చూసే ఇళ్లు ఉన్నాయి. మా పనిలో సగం ఆ తర్వాతి నెలల్లోనే.

శవం దొరకని ఇళ్ల గురించి కూడా చెప్పాలి. ఏ రోజు నుంచి దినాలు లెక్కపెట్టాలో తెలియదు. బొట్టు తీయాలా వద్దా అని ఇంట్లోనే గొడవ. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించే పద్ధతి హిందువుల్లో ఉంది, కానీ ఎవరు చేయిస్తారు, ఎప్పుడు చేయాలి? ముస్లింల ఇంట్లో అయితే ఇమామ్‌నే అడగాలి. కోయల ఆచారం వేరు, లంబాడీల ఆచారం వేరు. ఆ కుటుంబం ఎవరి మాట నమ్ముతుందో కనుక్కుని ఆ మనిషిని వాళ్ల దగ్గరికి తీసుకురావడం మా పని. పూజారి కావచ్చు, కోయల పూజారి అయిన వడ్డె కావచ్చు, పాస్టర్ కావచ్చు. దుప్పట్ల లారీతో ఆ పని జరగదు.

డాక్టర్లు చాలన్నారు. డాక్టర్లు కావాలి, ఇంకా ఎక్కువమంది కావాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే విపత్తుల్లో మానసిక సాయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు ముందు, 2007లో, అంతర్జాతీయ సంస్థలు కలిసి రాసుకున్న మార్గదర్శకాలు ఈ సాయాన్ని మెట్లుగా చూపించాయి. కింద అందరికీ అవసరమైన రక్షణ, తిండి. ఆపైన కుటుంబం, ఊరు ఇచ్చే ఆసరా. ఆపైన శిక్షణ ఉన్న మామూలు కార్యకర్తల సాయం. స్పెషలిస్టు డాక్టర్ అవసరమయ్యేది పైమెట్టు మీదున్న కొద్దిమందికే. ఆ కొద్దిమందిని గుర్తుపట్టడం మాకు నేర్పిస్తారు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోతానని అంటున్నా, తాగుడు ఒక్కసారిగా పెరిగినా అక్కడ కూర్చుని ప్రార్థన చేయడం తప్పు. వెంటనే డాక్టర్ దగ్గరికి చేర్చాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వాలి, ఫోన్ మనమే కలిపి పెట్టాలి. 2022 అక్టోబర్ 10న మొదలైన ఆ సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయితే మాత్రలకు లొంగని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. మేడారం జాతరకు గోవిందరాజు దేవుడు కదిలేది కొండాయి నుంచే. జనం పుణ్యస్నానం చేసేది జంపన్నవాగులోనే. ఆ వాగే మనుషులను తీసుకుపోయాక "మేమేం తప్పు చేసినం" అని అడగడం రోగం కాదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను. "అంతా దేవుడి లీల", "పూర్వజన్మ కర్మ" అనే మాటలు నోటికి రాకూడదని మాకు మొదటి పాఠంలోనే చెబుతారు. అడిగినవాళ్లు అడిగినంతసేపు లేవకుండా కూర్చోవడమే చేయగలిగింది.

చివరిది మతమార్పిడి. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. ఆకలిలో ఉన్నవాడి చేతిలో కిట్‌తో పాటు కరపత్రం పెట్టడం, ఏ మతం వాళ్లు చేసినా, దుర్మార్గం. రెడ్‌క్రాస్, సహాయ సంస్థలు కలిసి 1994లో రాసుకున్న నియమావళిలో మూడో నియమం ఇదే: సాయాన్ని ఏ రాజకీయ, మత ప్రచారానికీ వాడకూడదు. దాన్ని మీరినవాళ్లను ఊళ్లోంచి పంపేయండి, నేనూ మీ పక్కన నిలబడతాను. కానీ దాని కోసం అందరినీ ఆపాలా? మన సైన్యంలో పండిట్, మౌల్వీ, గ్రంథి, పాద్రీ జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ (జేసీవో) హోదాలో పనిచేస్తారు. అంత్యక్రియలకు వెళ్తారు, ఆస్పత్రిలో ఉన్న జవాన్లను పలకరిస్తారు. జవాన్ల మతం మార్చడానికే వాళ్లు ఉన్నారని ఎవరూ అనరు. వాళ్లకు ఒక హద్దు ఉంది. మాకూ ఉంది.

కాబట్టి ఏ గ్రూపు వచ్చినా సర్పంచ్ గానీ, వార్డు మెంబర్ గానీ నాలుగు మాటలు అడగండి. మండల ఆఫీసులో పేర్లు ఇచ్చారా? కోయ, లంబాడీ భాష వచ్చినవాళ్లు మీలో ఉన్నారా? మతం పుస్తకాలేమైనా తెచ్చారా? ఎవరైనా చచ్చిపోతానంటే ఎవరికి ఫోన్ చేస్తారు? సరైన జవాబు రాకపోతే తిప్పి పంపండి. వస్తే వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్లీ రమ్మని చెప్పండి.