డిస్క్ మూలుగుతుంటే ముందు చేతులు కట్టుకోండి

పోయిన వారం రాత్రి పదకొండింటికి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరుచుకోవట్లేదు. ఫార్మాట్ చేస్తేనే వాడుకోవచ్చంటోంది. ఓకే కొట్టేయనా?"

"వద్దురా! ముందు కేబుల్ పీకెయ్!" అని అరిచాను. ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

అంత గట్టిగా అరవడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా డిస్కులో కొన్ని ఫోల్డర్లు పాడయ్యాయని, చదవడం కుదరదని మెసేజ్ వచ్చింది. తెలిసినవాడొకడు చెప్పాడని చెక్‌డిస్క్, అంటే విండోస్‌లోనే ఉండే డిస్కు రిపేరు ప్రోగ్రామ్, రన్ చేశాను. రాత్రంతా ఏదో సరిచేస్తున్నట్టు లైన్లు పరిగెత్తుతుంటే సంబరపడ్డాను కూడా. పొద్దున చూస్తే ఫోల్డర్ల పేర్లు లేవు, వాటి బదులు 'ఫౌండ్.000' అని ఒకటి ఉంది. లోపల ఫైల్0000, ఫైల్0001 అంటూ వందల ముక్కలు. ఏది ఫొటోనో ఏది ఎక్సెల్ షీటో తెలియదు. చెక్‌డిస్క్ తప్పేం లేదు. దాని పని ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైలు ఎక్కడుందో డిస్కు రాసుకునే చిట్టాలో, లెక్క సరిచూడటం. లెక్క కుదరని ఎంట్రీలను అది నిర్మొహమాటంగా కొట్టేస్తుంది. అవి మా పాప మొదటి ఏడాది ఫొటోలని దానికేం తెలుసు?

డిస్క్ పాడై పోయే డేటా కన్నా, పాడయ్యాక మనం ఊరికే ఉండలేక పోగొట్టుకునేదే ఎక్కువని అప్పటి నుంచీ నా నమ్మకం. జ్వరం వచ్చినవాణ్ణి పరిగెత్తించం కదా. డిస్కును మాత్రం రీస్టార్ట్ చేస్తాం, కేబుల్ మారుస్తాం, ఇంకో కంప్యూటర్‌కి పెడతాం, అరచేత్తో తట్టి చూస్తాం.

లోపల జరిగేది తెలిస్తే తట్టడానికి చెయ్యి రాదు. అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్ తగలకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన తలవెంట్రుక మందం ఆ ఖాళీకి వేల రెట్లు. 'టిక్... టిక్... టిక్...' అని ఒకే లయలో శబ్దం వస్తోందంటే, హెడ్ తను ఎక్కడుందో తెలుసుకోలేక వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. అది పళ్లేనికి రాసుకుంటే అక్కడి పూత పొడైపోతుంది. ఆ పొడిలో ఉన్నదే మన డేటా. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. టిక్ టిక్ వినిపిస్తే కరెంటు తీసేసి, దుమ్ములేని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కి పంపాలి, లేదా ఆశ వదులుకోవాలి.

మరి సలహాలు? అబ్బో! ఫ్రీజర్‌లో పెట్టమనేవాళ్లు ఇంకా ఉన్నారు. బయటికి తీయగానే లోపల తేమ పట్టి పళ్లేల మీద మంచు చెమట కమ్ముతుంది, దాని మీద హెడ్‌ని తిప్పుతామా? అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తీసి బిగించమంటాడు ఇంకొకడు. ఇప్పటి డిస్కుల్లో ఆ డిస్కుకే ప్రత్యేకమైన సెట్టింగులు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి, వాటిని కొత్త బోర్డులోకి తేకుండా బోర్డు ఒక్కటే మారిస్తే చాలాసార్లు పని చేయదు. అన్నిటికన్నా నాకు ఒళ్లుమండేది ఆ 'ఫ్రీ' రికవరీ సాఫ్ట్‌వేర్లు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును గంటల తరబడి స్కాన్ చేసి, ఫైళ్ల లిస్టు ఊరిస్తూ చూపించి, సేవ్ నొక్కగానే డబ్బులు అడుగుతాయి. కొందరు మహానుభావులు వాటిని అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేస్తారు. వెతుకుతున్న ఫైళ్ల నెత్తినే వెతికేవాణ్ణి కూర్చోబెట్టడం అది.

మావాడి డిస్కుకి టిక్ టిక్ లేదు, నత్తనడక మాత్రమే. స్మార్ట్ రిపోర్టులో, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కల్లో, 197వ నంబరు చూశాను. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల (డేటా దాచే చిన్న చిన్న గదుల) లెక్క అది, సున్నా ఉండాల్సింది వందల్లో ఉంది. విండోస్ బదులు లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాడైన డిస్కును కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ పెట్టాను. నాకు దీని మీద గౌరవం ఎందుకంటే, ఇది మొండిది కాదు. బాగున్న చోట గబగబా కాపీ చేసుకుంటూ పోతుంది, చెడ్డ చోటు తగిలితే దాటేస్తుంది, మిగతాదంతా భద్రమయ్యాక తీరిగ్గా వెనక్కొచ్చి చిన్న చిన్న ముక్కలుగా గీకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి డిస్క్ వేడెక్కితే ఆపి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఒకటే భయం, ఏది పాత డిస్క్, ఏది కొత్తది అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది. ఎంటర్ కొట్టే ముందు మూడుసార్లు చదివాను. చెయ్యి వణికింది, ఒప్పుకుంటాను.

దాదాపు అంతా ఒక్క రాత్రిలో వచ్చేసింది. చివరి 40 ఎంబీకి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాతే, అసలు డిస్కు పక్కన పెట్టేసి, కాపీ మీద పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రామ్ నడిపితే పార్టిషన్, అంటే ఫైళ్లున్న భాగం, కనిపించింది. కాపీ ఉంటే ఎన్ని ప్రయోగాలు చేసినా టెన్షన్ లేదు.

2003లో కొలంబియా వ్యోమనౌక విచ్ఛిన్నమైనప్పుడు నేలకు పడిన ఓ హార్డ్ డిస్క్ పైన అంతా కాలి కరిగిపోయింది. అయినా ల్యాబ్‌వాళ్లు సుమారు 99 శాతం డేటా తీశారు. అందులోని జెనాన్ ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఆకాశం నుంచి పడినా దక్కిందంటే నాకు తోచే కారణాల్లో ఒకటి, మధ్యలో దాని మీద ఎవరూ చెక్‌డిస్క్ కొట్టకపోవడం!

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలది వేరే గోల. శబ్దం చేయవు, చెప్పకుండా పోతాయి. ట్రిమ్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే డిలీట్ చేసిన ఫైళ్లను వెనకాల అవే తుడిచేసుకుంటాయి, కాబట్టి పొరపాటున డిలీట్ చేస్తే ఆలోచించకుండా పవర్ తీసేయడమే.

మావాడికి అన్నీ కొత్త డిస్కులో పెట్టి ఇచ్చాను. పదకొండు ఫొటోలకి ఒక్కోదానికి సగం దాకా బూడిదరంగు పట్టీ, ఒక వీడియో అసలు ఆడదు. వాడు ఎగిరి గంతేశాడు. నిన్న మళ్లీ మెసేజ్: "అన్నయ్యా, ఆ పాత డిస్కు ఫార్మాట్ చేశాను, ఇప్పుడు బాగానే పని చేస్తోంది. ఆఫీస్ ఫైళ్లు దాన్లో పెట్టుకోనా?"

ఇంకా జవాబు రాయలేదు. బూతులు లేకుండా ఎలా రాయాలో చూస్తున్నాను.