ఆఫ్ సీజన్ గారికి, ఒక పైరేట్స్ అభిమాని నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ బేస్‌బాల్ ఆఫ్ సీజన్ గారి దివ్యసముఖమునకు,

పిట్స్‌బర్గ్ నుంచి 2025-26 చలికాలంలో వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మంచు మోకాలి దాకా పడింది. డ్రైవ్‌వే మీద పార తోసీ తోసీ నా నడుము పట్టేసింది. అయినా క్షేమమే. ఎందుకంటారా? సెప్టెంబరు 28 తర్వాత మా పైరేట్స్ జట్టు ఇంతవరకు ఒక్క ఆట కూడా ఓడలేదు. వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, గెలిచిన డాడ్జర్స్ సైతం అక్టోబరులో కొన్ని ఆటలు పోగొట్టుకున్నారు, మేం ఒక్కటీ పోగొట్టుకోలేదు. ఆడలేదనుకోండి. అయినా ఆ పుణ్యం తమరిదే.

ఇది బహిరంగ లేఖ కాబట్టి చదివేవాళ్ళకు తమరిని పరిచయం చేయాలి. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఒక్కో జట్టుకు 162 ఆటలు. మిగిలిన చలికాలమంతా తమరి రాజ్యం. ఆ రోజుల్లో జరిగే కబుర్లకు ఇక్కడ 'హాట్ స్టవ్' అని పేరు. పాతకాలంలో ఊరి దుకాణంలో కుంపటి చుట్టూ చేరి, వచ్చే ఏడు ఎవరు ఎవర్ని కొంటారో మాట్లాడుకునేవారట. మన రచ్చబండే, కాకపోతే మధ్యలో నిప్పు ఉంటుంది. ఇప్పుడు కుంపటి పోయి ఫోన్ వచ్చింది. వేడి మాత్రం అదే. అందులో ఇన్నేళ్ళుగా కాలుతున్నది నా బుర్ర.

నేను ఈ ఊరికి చదువుకోసం వచ్చింది 2001లో. అదే ఏడాది పీఎన్‌సీ పార్క్ తెరిచారు. రాజమండ్రివాణ్ణి, ఏరూ వంతెనా కనిపిస్తే చాలు కూలబడిపోతాను. అక్కడ పై వరసలో కూర్చుంటే ఎదురుగా అలెగనీ నది, దాని మీద పసుపురంగు క్లెమెంటే వంతెన, అవతల ఊరి మేడలు. ఆట చూడకుండా ఏటి వైపు చూసుకునే వీలున్న స్టేడియం అది. ఆ వీలు ఎందుకు కల్పించారో తర్వాత అర్థమైంది. నేను వచ్చేసరికి జట్టు వరసగా తొమ్మిదో ఏడు ఓటమి సీజన్లో ఉంది. ఆ వరస 2012 దాకా, మొత్తం ఇరవై ఏళ్ళు సాగింది. ఉత్తర అమెరికా పెద్ద లీగుల్లో ఇంకే జట్టుకూ దక్కని ఘనత.

ఇరవై ఏళ్ళు ఓడిన జట్టును ఎవరైనా ఎందుకు చూస్తారు? ఆ ఇరవై ఏళ్ళలో ఇరవైసార్లు తమరు వచ్చారు కనుక.

తమరి పద్ధతి నాకు బాగా తెలుసు. నవంబరులో, 'ఈసారి మార్పు తప్పదు' అంటారు. డిసెంబరులో ముప్పై జట్ల పెద్దలూ ఒక హోటల్లో చేరతారు. దాన్ని వింటర్ మీటింగ్స్ అంటారుగానీ నా కంటికది పెళ్ళిళ్ళ పేరయ్యల మహాసభ. 'అబ్బాయి బంగారం, మోచేతికి ఒక్కసారే ఆపరేషన్ అయింది' అని ఏజెంట్లు లాబీలో చెబుతుంటారు. మిగతా జట్లు తాంబూలాలు పుచ్చుకుంటాయి. మావాళ్ళు టిఫిన్ చేసి వచ్చేస్తారు. జనవరిలో ఎవరో ముప్పై ఆరేళ్ళ పెద్దమనిషికి మైనర్ లీగ్ (కింది స్థాయి) కాంట్రాక్టు, స్ప్రింగ్ ట్రెయినింగ్‌కు, అంటే సీజన్ ముందరి సాధన శిబిరానికి, శుభలేఖ. ఎప్పుడైనా వేరే జట్టు నుంచి ఒకణ్ణి మార్పిడిలో తెస్తే, బదులుగా ఇచ్చింది ఎవర్నయ్యా అంటే 'పేరు తర్వాత చెప్పబడే ఆటగాడు'. ఇది నా హాస్యం కాదు, బేస్‌బాల్‌లో నిజంగానే అలా రాసుకుంటారు. పెళ్ళికూతురు పేరు లేకుండా శుభలేఖ అచ్చేసే ధైర్యం మన వాళ్ళకు ఇంకా రాలేదు.

ఇక ఫిబ్రవరి. ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో, 1969 నుంచి మావాళ్ళు చలికి తలదాచుకునే ఊళ్ళో, పిచర్లు (బంతి వేసేవాళ్ళు), క్యాచర్లు (దాన్ని వెనక అందుకునేవాళ్ళు) ముందుగా దిగుతారు. 'పిచర్లు, క్యాచర్లు వచ్చేశారు' అన్న వార్త చదివితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. జరిగింది ఏమిటి? కొందరు ఉద్యోగులు ఉద్యోగానికి వచ్చారు. మా ఆఫీసులో నేను రోజూ చేసే పని అదే. నా మీద ఇంతవరకు ఎవరూ వార్త రాయలేదు. వచ్చిన ప్రతివాడూ 'జీవితంలో ఎన్నడూ లేనంత ఫిట్‌గా ఉన్నాను' అంటాడు. పోయినేడు ఫిట్‌గా లేనని పోయినేడు ఒక్కడూ చెప్పలేదే!

అసలు సరుకు ప్రాస్పెక్టులు, అంటే ఇంకా పెద్ద లీగులో అడుగు పెట్టని కుర్రాళ్ళ జాబితా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మనవాళ్ళు. ఇక్కడ సోమలింగానికి ర్యాంకు కూడా ఇస్తారు. ఇప్పటి మా సోమలింగం కానర్ గ్రిఫిన్. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2024లో తొమ్మిదో పిలుపుకు దొరికాడు, వయసు పంతొమ్మిది. దేశమంతా ఇతనే నంబర్ వన్ అంటోంది. కుర్రాడు నిజంగా మెరికే. నా భయమంతా, నేను అప్పుడే అతని పేరున్న చొక్కా ధర చూసేశానని.

మా ఊళ్ళో పెన్ హిల్స్ గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1970లలో కట్టింది. ఉగాదికి అక్కడ పంచాంగం వింటాను. సీజన్ మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే కావడంతో నాకు రెండూ కలిసిపోయాయి. ఇక్కడి పంచాంగం పేరు పెకోటా. కంప్యూటర్ వేసే జాతకం. బిల్ పెకోటా అనే సాదాసీదా ఆటగాడి పేరు తగిలించారు. అది ఎన్ని దశాంశాలు లెక్కేసినా, మా జట్టు రాశిఫలం నేను నోటితో చెప్పగలను. ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు.

వ్యయం అన్నాను కాబట్టి ఆ సంగతి. ఐపీఎల్‌లో అన్ని జట్లకూ పర్సు ఒకటే, హద్దు దాటడానికి లేదు. ఇక్కడ ఆ హద్దు లేదు. మరీ ఎక్కువ ఖర్చు చేస్తే పన్ను కట్టాలి, అంతే. 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ వాళ్ళు హువాన్ సోటోకు 15 ఏళ్ళకు 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2025 దాకా మా జట్టు చరిత్రలోకెల్లా పెద్ద కాంట్రాక్టు బ్రయన్ రెనాల్డ్స్‌ది, ఎనిమిదేళ్ళకు 10.675 కోట్లు. పెద్ద జట్ల ఆదాయంలోంచి చిన్న ఊళ్ళ జట్లకు వాటా వస్తుంది. ఆ డబ్బు ఆట మీద పెట్టడం లేదని 2018లో ఆటగాళ్ళ సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది. అందులో మాదీ ఒకటి. ఎందులోనైనా మొదటి నాలుగింట్లో ఉన్నందుకు ఆ రోజు కొంచెం గర్వపడ్డాను.

ఫలితం ఎలా ఉంటుందో మా పిచర్ పాల్ స్కీన్స్‌ను అడగండి. 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులైనా ఇవ్వలేదు, 1.97. ముప్పై జట్లూ రెండు లీగులు, అందులో మాదైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డుకు ఓటేసిన ప్రతివాళ్ళూ అతన్నే మొదట రాశారు. అతని పేర రాసిన గెలుపోటములు మాత్రం పది, పది. అతను పరుగులు ఆపగలడుగానీ చేయలేడు కదా. పిచర్ చేతికి ఇప్పుడు బ్యాటు కూడా ఇవ్వరు. పరుగులు చేయాల్సినవాళ్ళు ముప్పై జట్లలోకీ తక్కువ పరుగులు, తక్కువ హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) చేసి, 71 గెలిచి 91 ఓడారు. గోదావరికి ఒక్కడే ఆనకట్టలా అడ్డం నిలబడితే, వెనక కాలవలో మాత్రం చుక్క నీళ్ళు లేవు.

తమరి హయాంలో జరిగిన మరమ్మతుల గురించి కూడా చెప్పాలి. స్టేడియం కట్టే రోజుల్లో అభిమానులు డబ్బు కట్టి ఇటుకల మీద పేర్లు చెక్కించుకున్నారు. చాలామంది పోయిన తల్లిదండ్రుల పేర్లు వేయించారు. 2025 సీజన్‌కు ముందు బయటి నడకదారి బాగుచేస్తూ వాటిని పెకలించారు. ఏప్రిల్లో ఆ ఇటుకలు రీసైక్లింగ్ యార్డులో గుట్టగా పడి ఉన్న ఫొటోలు బయటికొచ్చాయి. మన గుళ్ళల్లో దాతల పేర్లు ఫ్యాను రెక్కల మీద రాస్తారు. తిరుగుతున్నంతసేపూ చదవలేం, నిజమే. అయినా కనీసం గాలి వస్తుంది.

అదే ఏప్రిల్లో స్టేడియం కుడివైపు గోడ మీద, మా జట్టు పాత దిగ్గజం క్లెమెంటే 21వ నంబరు గుర్తు తీసేసి మద్యం ప్రకటన పెట్టారు. గొడవయ్యాక క్షమాపణ చెప్పి మళ్ళీ పెట్టారనుకోండి. ఇక్కడ మాత్రం నాకు వెటకారం రాదు. రాబర్టో క్లెమెంటే తన ఆటజీవితం మొత్తమ్మీద సరిగ్గా 3,000 హిట్లు పూర్తిచేసి 1972 సీజన్ ముగించాడు. ఆ డిసెంబరులో నికరాగ్వాలో భూకంపం వచ్చింది. పంపిన సాయం బాధితులకు చేరడం లేదని, తానే సామాను వెంటబెట్టుకుని 31వ తేదీ రాత్రి విమానం ఎక్కాడు. అది ప్యూర్టో రికో తీరం దగ్గర సముద్రంలో కూలిపోయింది. తమరి నెలల్ని అలా వాడుకున్న మనిషి ఆయన. మిగతావాళ్ళు జిమ్‌లో ఫొటోలు తీసుకుంటారు.

ఒక్కసారి మాత్రం తమరు మా ఇంటి దాకా వచ్చారు. 2008 నవంబరులో మావాళ్ళు ఇద్దరు భారతీయుల్ని తీసుకున్నారు. రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేష్ పటేల్. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, ఈటె విసిరేవాళ్ళు. ఒక టీవీ పోటీలో వేగంగా బంతి వేసి ఎంపికయ్యారు. అంతకుముందు వాళ్ళకు బేస్‌బాల్ అంటేనే తెలియదు. ఆ వారం రాజమండ్రి నుంచి మా బాబాయి ఫోన్ చేసి, 'ఏరా, మీ జట్టులో మనవాళ్ళున్నారటగా, ఇక గెలుస్తారా?' అన్నాడు. ఆట రానివాళ్ళను తీసుకోవడం మాకు కొత్తేమీ కాదు బాబాయ్ అన్నాను. ఇద్దరూ పెద్ద లీగుకు చేరలేదు. రింకూ తర్వాత కుస్తీల్లోకి వెళ్ళి డబ్ల్యూడబ్ల్యూఈలో తేలాడు. అయినా ఆ చలికాలం నాకిష్టం. మా బాబాయికి బేస్‌బాల్ అర్థమైన ఏకైక చలికాలం అది.

ఇదంతా నేను భరించగలను. అలవాటైంది. కానీ ఈ ఏడాది తమరు చేసిన పని అన్యాయం. నిజంగానే కొన్నారు! టాంపా బే నుంచి పోయినేడు 31 హోమ్ రన్లు కొట్టిన బ్రాండన్ లౌను తెచ్చారు. రయన్ ఓ'హర్న్‌కు రెండేళ్ళకు 2.9 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఏ జట్టుతోనూ ఒప్పందం లేని ఆటగాడికి (ఫ్రీ ఏజెంట్) మావాళ్ళు ఒక ఏడాది మించి మాటివ్వడం 2016లో ఇవాన్ నోవా తర్వాత మళ్ళీ ఇదే. లౌ, ఓ'హర్న్ ఇద్దరూ పోయినేడు ఆల్ స్టార్లే, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళుగా ఎంపికైనవాళ్ళే. ఇలా చేస్తే నా గతేమిటి? చవకబారు ఆశకు అలవాటుపడ్డ ప్రాణం ఇది. ఓడినా 'అనుకున్నదేగా' అని పడుకునేవాణ్ణి. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి కాగితం మీద బ్యాటింగ్ ఆర్డర్ రాస్తున్నాను. ఒకటే టెన్షన్. 'పోయినేడు కూడా ఇలాగే రాశారు కదండీ' అంది మా ఆవిడ. పోయినేడు పెన్సిల్‌తో రాశాను. ఈసారి పెన్నుతో రాస్తున్నాను.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. 2016లో పుట్టాడు. వాడు పుట్టాక జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళలేదు. చివరి వరల్డ్ సిరీస్ 1979లో గెలిచింది, అప్పటికి నేనూ పుట్టలేదు. 'ఈసారి గెలుస్తామా నాన్నా?' అని నిన్న అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తమరు నా గొంతులోంచి 'ఈసారి మార్పు తప్పదురా' అన్నారు. తమరితో నా తగాదా ఇదీ.

ఇట్లు,
పేరు తర్వాత చెప్పబడే అభిమాని,
పిట్స్‌బర్గ్

తా.క.: బ్రాడెంటన్‌లో ఎవరో కొత్త ఎడమచేతి పిచర్ బంతులేస్తున్న వీడియో వచ్చిందట. లింకు ఉంటే పంపగలరు.