అయిదు గ్లాసులు, ఒక ఖాళీ పళ్ళెం

పోర్చుగల్‌లోని పోర్టో నగరానికి వెళ్ళినవాడు డోరో నది దాటి, అవతలి ఒడ్డున విలా నోవా ద గాయాలో ఉన్న పోర్టు వైన్ గిడ్డంగుల్లో ఒక పూటైనా గడపకుండా తిరిగి రాకూడదని మా బావమరిది ప్రయాణానికి ఆరు నెలల ముందే తీర్మానించాడు. అతడు ఏ పదార్థాన్నైనా చదివిన తరువాతే తినే మనిషి. నాకు అంత ఓపిక లేదు. ముందు తిని, అది ఏమిటో తరువాత కనుక్కుంటాను. ఆ రోజు మధ్యాహ్నం జరిగినదానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర లేదు.

రుచి చూడబోయే నాలుకను ఉదయం నుంచే పదిలంగా కాపాడుకోవాలని అతడు ఎక్కడో చదివాడు. అందువల్ల ఆ రోజు నాకు కాఫీ దక్కలేదు. పుదీనా వాసన ఉన్న పేస్టు వద్దని, వట్టి బ్రష్షుతో పళ్ళు తోముకోమన్నాడు. ఆపైన ఆకలి తెలియకుండా ఉంటుందని క్లేరిగోస్ గోపురం ఎక్కించాడు. దాని ఎత్తు 75 మీటర్లు, మెట్లు 225. ఆకలి తెలియకుండా పోవడం అటుంచి, నూరో మెట్టు దగ్గర నుంచి అది తప్ప ఇంకేమీ తెలియలేదు. కిందికి దిగి భోజనం మాట ఎత్తితే, "ఇంకో రెండు గంటలు ఓపిక పట్టండి బావా, అక్కడ అయిదు రకాల వైన్లకు జతగా అయిదు రకాల తిండి పెడతారు," అన్నాడు. అయిదు రకాల తిండి అనే మాట విన్న తరువాత తెలుగువాడి మనసులో ఎటువంటి బొమ్మ ఏర్పడుతుందో చదువరులకు వివరించనక్కర లేదు. నేను బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని బయలుదేరాను.

నది మీద ఉన్న దోం లూయిస్ వంతెన 1886లో ప్రారంభమైంది. దానిని రూపొందించిన టియోఫిల్ సేరిగ్ అంతకు ముందు ఈఫిల్‌కు వ్యాపార భాగస్వామి అని, పై అంతస్తు మీద ఇప్పుడు మెట్రో రైలు నడుస్తున్నదని బావమరిది చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం కింది ఒడ్డున ఎవరో చేపలు కాలుస్తున్న వాసన అంత ఎత్తుకు అంత స్పష్టంగా ఎలా వస్తున్నదన్నదే ఆశ్చర్యంగా ఉంది.

గిడ్డంగిలో మమ్మల్ని పన్నెండు మందిని ఒక జట్టుగా చేర్చి, ఒక యువతి లోపలికి తీసుకువెళ్ళింది. చల్లని చీకటి, తడి చెక్క వాసన, నేల నుంచి కప్పు దాకా పేర్చిన పీపాలు. ఆమె వాటిని చూపిస్తూ "పీపా" అనే అన్నది. ఒక్క క్షణం నాతో తెలుగులో మాట్లాడుతున్నదేమో అనుకున్నాను. అలమారా, బొత్తాం, మేస్త్రీలతో పాటు ఈ పీపా కూడా పోర్చుగీసు ఓడలు మనకు దించిపోయిన మాటే. డోరో పీపాలో సుమారు 550 లీటర్లు పడుతుందట. ద్రాక్షరసం సగం పులిసిన దశలో, 77 శాతం ఆల్కహాలు ఉన్న ద్రాక్ష స్పిరిట్‌ను అందులో పోస్తారు. దానితో ఈస్టు చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది, పులియకుండా మిగిలిన చక్కెర తీపిగా అలాగే ఉండిపోతుంది. పోర్టు వైన్ తియ్యగా ఉండడానికీ, మామూలు వైన్ కన్నా ఘాటుగా 19 నుంచి 22 శాతం ఆల్కహాలుతో ఉండడానికీ అదే కారణం. ఏటా పీపాలో నుంచి కొంత వైన్ చెక్క గుండా ఆవిరైపోతుందని, దానిని దేవదూతల వాటా అంటారని ఆమె చెప్పింది. జట్టంతా నవ్వింది. ఏమీ తినకుండా వట్టి కడుపుతో అంతంత తాగుతున్న ఆ దేవదూతలను తలుచుకుని నేను నిట్టూర్చాను.

చివరికి రుచి చూసే గదికి చేరాము. పొడవైన బల్ల మీద ఒక్కొక్కరి ముందు అయిదు గ్లాసులు అర్ధచంద్రాకారంగా పేర్చి ఉన్నాయి. వాటి ముందు ఒక నల్ల పలకరాయి పళ్ళెం. దాని మీద ఎడమ నుంచి కుడికి ఉప్పు పట్టించిన బాదం పప్పులు నాలుగు, బిస్కెట్టు ముక్క మీద చెంచాడు మెత్తని సెర్రా ద ఎస్ట్రెలా చీజ్, బొటనవేలి గోరు ప్రమాణంలో నల్ల చాక్లెట్, పాస్తెల్ ద నాతా అనే గుడ్డు కస్టర్డు బిళ్ళ ఒకటి, నీలి చారల చీజ్ ముక్క ఒకటి. ఆ పరిమాణాలు చూసి నేను ఏ మాత్రం నిరాశ పడలేదు. ఎందుకంటే ఇది అసలు భోజనానికి ముందు నోరూరించడానికి పెట్టిన పళ్ళెమని, అయిదు రకాలూ వెనక వంటింట్లో సిద్ధమవుతున్నాయని నేను నమ్మాను. అంత నమ్మకంగా నేను జీవితంలో పొరబడిన సందర్భాలు తక్కువ.

గ్లాసులు నింపుతూ ఆమె చరిత్ర ఎత్తుకుంది. 1703లో ఇంగ్లండుకూ పోర్చుగల్‌కూ మెథుయెన్ ఒప్పందం కుదిరి, ఫ్రెంచి వైన్ కన్నా తక్కువ సుంకంతో పోర్చుగీసు వైన్ ఇంగ్లండు చేరేసరికి నా బాదం పప్పులు అయిపోయాయి. 1756లో పోర్చుగల్ మంత్రి పొంబల్ మార్క్విస్ డోరో లోయకు సరిహద్దులు గీసి, ఆ గీతల లోపల పండిన ద్రాక్షతోనే పోర్టు వైన్ తయారు కావాలని శాసించిన సమయంలో నేను సెర్రా చీజ్‌లో ఉన్నాను. గొర్రె పాలను ఒక జాతి ముళ్ళపువ్వుతో తోడుపెట్టి చేసే చీజ్ అది. అంతటి పదార్థాన్ని అంత త్వరగా మింగినందుకు ఇప్పుడు చింతిస్తున్నాను. 1861లో బేరన్ ఫారెస్టర్ అనే వైన్ వర్తకుడు వలైరా సుడుల దగ్గర పడవ తిరగబడి డోరోలో మునిగిపోయాడట. నడుముకు కట్టుకున్న డబ్బు సంచి బరువే అతణ్ణి ముంచిందని, అదే పడవలో ఉన్న స్త్రీలను వారి గుండ్రని పంజరపు పావడాలు నీటి మీద తేల్చి కాపాడాయని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఆ విషాద ఘట్టంలో నేను చాక్లెట్ నములుతున్నాను. ఫైలోక్సెరా అనే పురుగు తోటలను నాశనం చేస్తున్నప్పుడు కస్టర్డు బిళ్ళ పోయింది. పోర్టు వైన్‌ను గాయా గిడ్డంగుల నుంచే ఎగుమతి చేయాలన్న నిబంధన 1986లో తొలగింది. అప్పటికి నీలి చారల చీజ్ నోట్లో ఉంది. అది కాస్త చెడిపోయినట్టు అనిపించినా, పరాయి దేశంలో మర్యాద కాదని మింగేశాను.

"ఇప్పుడు మొదటి జత చూద్దాం," అన్నది ఆమె. "తెల్ల పోర్టు కొంచెం తాగి, ఒక్క బాదం పప్పు తిని, మళ్ళీ కొంచెం తాగండి. మిగిలిన పదార్థాలు నేను చెప్పేదాకా ముట్టుకోకండి."

పదకొండు చేతులు పదకొండు బాదం పప్పులను అందుకున్నాయి. నేను బావమరిది వైపు చూశాను. అతడు నా పళ్ళెం వైపు చూశాడు. ఆరు నెలల చదువు ఆ చూపులో కనిపించింది.

"ఒక్క పప్పు ఇటు ఇవ్వరా," అన్నాను, పెదవులు కదలకుండా.

"నాకు లెక్కగా నాలుగే ఉన్నాయి బావా. మొదటి గుటకకు ముందొకటి, తరువాత ఒకటి, పోల్చి చూడడానికి రెండు," అని పళ్ళేన్ని అవతలి మోచేతి వైపు జరుపుకున్నాడు. రక్తసంబంధం కాదు కదా.

నా పళ్ళెం మీద బాదం పప్పులు ఉన్న చోట ఏడెనిమిది ఉప్పు రేణువులు మెరుస్తున్నాయి. వాటిని చూపుడువేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుని, దవడలు ఆడించి, కళ్ళు మూసుకుని తల పంకించాను. నటన బాగానే పండింది. నిజం చెప్పాలంటే, ఆ ఉప్పుతో తెల్ల పోర్టు కూడా బాగానే ఉంది.

రెండోది రూబీ అనే ఎర్ర పోర్టు. బిస్కెట్టు కింద అంటుకున్న చీజ్ మరకను గోటితో గీకి, దానితోనే సర్దుకుంటూ ఉండగా ఆమె నా దగ్గరే ఆగింది. "చీజ్ తిన్న తరువాత వైన్‌లో ఏం మారింది సార్?" అని అడిగింది. తిన్నవాడు అబద్ధం చెప్పవచ్చు, తిననివాడు నిజం చెప్పలేడు. నాది ఈ రెంటికీ మధ్య ఇరుక్కున్న స్థితి. ముందు గుటకలో నాలుక అంచుల్ని పట్టి లాగినట్టున్న ఒక గుణం ఉన్నమాట మాత్రం నిజం. దానికి ఇంగ్లీషు మాట తోచక, పక్కకు వంగి, "వగరును ఏమంటారురా?" అని అడిగాను. అతడు చెప్పిన పెద్ద మాటను అందుకుని, అది తగ్గిందని ఆమెకు చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోరు ఎండినట్టు చేస్తాయని, చీజ్‌లోని కొవ్వూ ప్రోటీన్లూ అడ్డుపడితే ఆ పట్టు సడలుతుందని అందరికీ వివరించి, "ఈయనలా శ్రద్ధగా గమనించాలి," అన్నది. వగరును షడ్రుచులలో చేర్చి, అడగ్గానే అందేలా పెట్టిన పూర్వులకు మనసులో దండం పెట్టుకున్నాను. కానీ శ్రద్ధ గలవాడిగా పేరు రావడంతో, ఆ తరువాత ప్రతి జతకూ మొదటి ప్రశ్న నన్నే వరించసాగింది.

మూడో గ్లాసుకు చాక్లెట్ జత. నా పళ్ళెం మీద దాని పొడి కూడా లేదు. "రెండూ ఒకదానినొకటి వెతుక్కుంటున్నాయి," అన్నాను. ఒక దానికి సంబంధించినంతవరకు అది అక్షరాలా నిజం. అవతల కూర్చున్న ఒకాయన ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాడు.

వైన్‌ను రుచి చూసి ఉమ్మివేయడానికి బల్ల మీద పాత్రలు ఉన్నాయి. బావమరిది దాన్ని ఎంతో నేర్పుగా వాడుకున్నాడు. ఉదయం నుంచి నోటికి అందినది ఇదొక్కటే కనుక ఉమ్మడానికి నాకు మనసు రాలేదు. దీని ఫలితం నాలుగో గ్లాసు దగ్గర తెలిసింది.

నాలుగోది ఇరవై ఏళ్ళ టానీ. చిన్న పీపాల్లో గాలి సోకుతూ ఏళ్ళ తరబడి నిలవ ఉండడం వల్ల ఎరుపు వెలిసి తేనె రంగుకు తిరిగింది. ఇందులో తెలిసే వాసనలను గుర్తుపట్టడానికి ఆమె చిన్న గాజు గిన్నెలు ఒక్కొక్కటిగా పంపింది. ఒకదానిలో నారింజ తొక్క, ఒకదానిలో దాల్చిన చెక్క, మరొకదానిలో రెండు ఎండు అంజీర్ పండ్లు. వాసన చూసి పక్కవారికి అందించమని ఆమె చెప్పే ఉంటుంది. ఆ సమయంలో నేను కస్టర్డు బిళ్ళ రాల్చిన మూడు పొరల తుంపులను ఏరుకుంటున్నాను. గిన్నెల వరసలో బావమరిది పదోవాడు, నేను పదకొండోవాడిని. అంజీర్ గిన్నె నా చేతికి వచ్చినప్పుడు, భగవంతుడు ఆలస్యంగానైనా కనికరించాడనే అనుకున్నాను.

"బావా, అది వాసన చూడడానికి!" అని అతడు అన్నాడు. ఆ సమాచారం చేరేసరికి మొదటి పండు గొంతు దాటింది. పదిమంది ముక్కుల దగ్గరకు వెళ్ళి వచ్చిన పండు అది. ఒక్కటే మిగిలితే రెండోది ఏమైందన్న ప్రశ్న పుడుతుంది కనుక, ఆ ప్రశ్నకు తావు లేకుండా దానిని కూడా తినేసి, ఖాళీ గిన్నెను పన్నెండో స్థానంలో ఉన్న పెద్దావిడకు ఎంతో వినయంగా అందించాను.

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఆఘ్రాణించింది. తరువాత గ్లాసును ఆఘ్రాణించింది. మళ్ళీ గిన్నెను. "అంజీర్," అన్నది. "చాలా సున్నితంగా ఉంది, కానీ స్పష్టంగా ఉంది." బల్ల చుట్టూ తలలన్నీ అవునన్నాయి. 2001లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే, వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని బావమరిదే ఒకసారి నాకు చెప్పాడు. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు ఆ పెద్దావిడను చూస్తూ, నా పళ్ళెం మరీ అంత ఖాళీగా లేదేమోనని నాకే అనుమానం కలిగింది.

మా యువతి గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చింది. అంజీర్ గిన్నెను చూసింది. పెద్దావిడను చూసింది. తరువాత ఆమె చూపు బల్ల మీదుగా మెల్లగా వచ్చి నా నల్లని పళ్ళెం మీద ఆగింది. తుడిచినట్టున్న ఆ పలకరాయి నడుమ రెండు అంజీర్ తొడిమలు పక్కపక్కన పడి ఉన్నాయి. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ఒక చిన్న నీలి చీజ్ ముక్కను చేతిరుమాలు మీద పెట్టి తెచ్చి నా ముందుంచి, "సిద్ధాంతం మీకు వచ్చేసింది. అయిదోదానికి ప్రయోగం చేద్దాం," అన్నది.

అయిదోది వింటేజ్. అంతకు ముందు చెడిపోయిందని నేను అనుమానించిన చీజే అది. ముందు వైన్ తాగి, తరువాత ఆ ఉప్పటి ముక్కను నాలుక మీద కరిగించి, మళ్ళీ వైన్ తాగితే, చీజ్‌లోని మొరటుదనం అంతా వైన్ తీపి కింద ఒదిగిపోయి, మిగిలిన ఉప్పు ఆ తీపిని ఇంకా ముందుకు తోసింది. ఆ పూటంతటిలో నేను నటించకుండా తల ఊపింది అప్పుడే. ఆమె నన్నేమీ అడగలేదు.

అవమానం మనిషిని దాతగా మారుస్తుంది. బయటికి వచ్చే దారిలో ఉన్న దుకాణంలో నేను ఒక వింటేజ్ సీసా కొన్నాను. ఇది సీసాలోనే పక్వమయ్యే రకమని, పడుకోబెట్టి ఇంకో ఇరవై ఏళ్ళు ఉంచితే మంచిదని ఆమె దానిని చుడుతూ చెప్పింది.

సాయంత్రపు ఎండలో వంతెన ఎక్కాము. దానికి రెండు అంతస్తులేనా అని బావమరిదిని ఒకసారి అడిగి నిర్ధారించుకున్నాను. సగం దూరం వచ్చాక అతడు జేబులో నుంచి మడతపెట్టిన కాగితం రుమాలు తీసి విప్పాడు. తన వాటా కస్టర్డు బిళ్ళలో సగం అందులో భద్రంగా ఉంది. గదికి వెళ్ళాక నాలుక సేదతీరిన మీదట మరోసారి పోల్చి చూద్దామని దాచాడట.

"దీనికి జత టానీ కదరా, వింటేజ్ కాదు," అన్నాను, చెయ్యి చాపుతూనే.

"తినండి బావా," అన్నాడు. "ఆ సీసా తెరవడానికి ఇంకా ఇరవై ఏళ్ళు ఉంది. అప్పటికి వేరేది కొనుక్కుందాం."